గేటుకు రంగేసే అమ్మాయి

ఎవరూ అడగకుండానే ప్రసూన ఆ మాట అనేసింది. అనంతపురంలో ఆమె సోషల్ చెప్పే ప్రైవేటు బడిలో మధ్యాహ్నం టీచర్లందరూ కలిసి తింటారు. ఆ రోజు కొత్తగా చేరిన హిందీ టీచరు వాళ్ల వంటింటి గురించి మాటలు నడుస్తున్నాయి. తలుపు కాస్త నెడితే చాలు, చప్పుడు లేకుండా దానంతటదే మూసుకుంటుందట. సొరుగు ఎంత బరువున్నా ఒక్క వేలితో వస్తుందట. ప్రసూన పెరుగన్నం కలుపుకుంటూ, "మేమూ మార్పిస్తాండాం. బెంగళూరు నుంచి వస్తాండాది, మాడ్యులర్ కిచెన్" అంది.

మార్పించాలనే ఆలోచన అప్పటికి ఉన్న మాట నిజమే. ఒకాయన వచ్చి టేపు పెట్టి కొలిచి కూడా పోయాడు. ఆయన పంపిన కాగితం చూసి ప్రసూన భర్త జయచంద్ర దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆయనకు డ్రిప్పు పైపుల అంగడి ఉంది. బోర్లు ఎండిపోయిన రైతులు కొత్త పైపుల మాటే ఎత్తడం లేదు.

"ఆ చెక్కకేమైందని?" అన్నాడాయన. "వడ్రంగి గంగాధరప్ప చేసిన టేకు చెక్క అది. పందొమ్మిదేండ్లలో ఒక్క చెదపురుగు పట్టలేదు. రంగు పోయింది, అంతే కదా. రంగేయిద్దాం."

ఆయన చెప్పింది సబబేనని ప్రసూనకు తెలుసు. అయినా పొయ్యి పైన ఉన్న ఆ అలమరలు చూస్తే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది. పోపు పొగకు తలుపుల మీద జిడ్డు నల్లగా పేరుకుంది. గోటితో గీకితే గోటి సందుల్లోకి వచ్చేది. ఎవరైనా ఇంటికొస్తే వంటింటి వాకిలికి అడ్డంగా నిలబడి మాట్లాడటం ఆమెకు ఎప్పుడు అలవాటయిందో ఆమెకే తెలియదు.

రంగు వేయించడానికి సరే అంది. బడిలో అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. తర్వాత చెప్పుకోవచ్చులే అనుకుంది. ఆ తర్వాత వాళ్లు అడిగినప్పుడల్లా, "వస్తాండాయి, దారిలో ఉండాయి" అంటూ వచ్చింది.

జయచంద్రకు తెలిసిన ఓబన్న మేస్త్రీ అంజలిని పంపించాడు. శింగనమల పక్క పల్లె. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్ల నాయన నల్లప్ప ఇళ్లకు సున్నం వేసేవాడు. ఆయన వెంట తిరుగుతూ బ్రష్ పట్టుకోవడం నేర్చుకుని, తర్వాత ఆరేళ్లు బెంగళూరులో ఒక ఫర్నిచర్ షెడ్డులో రంగుపని చేసింది. తల్లికి ఆరోగ్యం బాగాలేక ఏడాది కిందట తిరిగొచ్చేసింది.

మొదటి రోజు వచ్చీ రాగానే ప్రతి తలుపు మీదా వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి విన్నది.

"మంచి చెక్క మేడం. దీన్ని పీకి పారేసుంటే పాపమే" అంది.

అది గాలికాలం. ఆషాఢంలో అనంతపురంలో గాలి వీచడం మొదలుపెడితే వీధిలోని మన్నంతా ఇళ్లలోకే వస్తుంది. తడి రంగు మీద ఆ దుమ్ము వాలిందంటే పని మొత్తం పాడు. అందుకని అంజలి తెల్లవారుజామునే స్కూటీ మీద వచ్చేసేది. గాలి లేవకముందే రంగు పని ముగించి, కిటికీలకు తడి దుప్పట్లు కట్టేది. తలుపులన్నీ విప్పి ఒక్కోదాని వెనక నంబరు రాసుకుంది. సోడా కలిపిన వేడినీళ్లతో జిడ్డు కడిగింది. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది పాత రంగు తీసింది. పగుళ్లలో లప్పం పూసి, ఆరాక మళ్లీ రుద్దింది. ప్రైమర్ ఒక పూత. దాని మీద రంగు రెండు పూతలు, కింది వరుసకు ముదురు ఆకుపచ్చ, పై వరుసకు మీగడ రంగు.

మూడో రోజు నుంచి ప్రసూన కూడా బడికి పోయేముందు ఓ గంట ఆమె పక్కన కూర్చుని రుద్దసాగింది.

"చెక్క గీతల వెంటే పోవాలక్కా, అడ్డం రుద్దితే గీరలు పడతాయి" అని అంజలి చెయ్యి పట్టి చూపించింది. మేడం పోయి అక్క వచ్చింది. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి ఉగ్గాని తిన్నారు. నవ్వుకున్నారు.

"నాకిదే మొదటి వంటిల్లు, అక్కా" అంది అంజలి ఒక పొద్దున. "ఈడ నన్ను గేట్లకూ గ్రిల్లులకే పిలుస్తారు. చెక్కపని ఆడమనిషి చేతికియ్యాలంటే భయం. ఒకటి అడగాల్ల నిన్ను. ముందు ఎట్లుండె, ఇప్పుడెట్లుండాది, రెండు ఫోటోలు నా ఫోన్లో స్టేటస్ పెట్టుకుంటా. నాకీ పని వచ్చునని నలుగురికీ తెలుస్తాది."

"పెట్టుకో. దానికీ అడగల్లా?" అంది ప్రసూన.

పని అయిపోయాక వంటింట్లోకి పోయి నిలబడితే అది తన ఇల్లేనా అనిపించింది. జయచంద్ర ప్రతి తలుపూ తీసి వేసి చూశాడు.

ఆ బడిలో ఆరుగురు ఆడ టీచర్లు నెలకో శనివారం ఒకరింట్లో కలుసుకుంటారు. ఈసారి ప్రసూన వంతు. ఓళిగలు, మిరపకాయ బజ్జీలు చేసింది. వాళ్లందరూ వచ్చీ రాగానే నేరుగా వంటింట్లోకే నడిచారు. ఈసారి ప్రసూన వాకిలికి అడ్డం నిలబడలేదు.

"అబ్బ, ఎంత బాగుండాది అక్కా" అంది లెక్కల టీచరు ఆశ్రిత. ప్రసూన కంటే పదేళ్లు చిన్నది, ఆమెతో బాగా చనువు. "బెంగళూరోళ్లే వచ్చి బిగించినారా?"

"ఊ. వాళ్లే వచ్చి బిగించి పోయినారు."

నోట్లోంచి మాట వచ్చినంతసేపు కూడా పట్టలేదు, పెరటి వాకిట్లో అంజలి కనిపించింది. చేతిలో చిన్న రంగు డబ్బా, బ్రష్ ఉన్నాయి. సింకు కింది తలుపు అంచున ఒక గీర మిగిలిపోయింది, దాన్ని సరిచేసి పోతానని ముందే చెప్పింది. సోమవారం వస్తుందనుకుంది ప్రసూన. ఆమె అక్కడ ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు.

"ఎవరక్కా ఆమె?" అంది ఆశ్రిత.

"గేటుకు రంగేసే అమ్మాయి" అంది ప్రసూన.

అంజలి డబ్బాను మెల్లగా వెనక్కి పెట్టుకుంది.

ఆశ్రిత ఆమె వైపు తిరిగింది. "ఏమమ్మా, చెక్క అలమరలకు కూడా ఏస్తావా నువ్వు? మా అమ్మ వంటింట్లో ఉండాయి, వేపచెక్కవి. మా చేని గట్టు మీది చెట్టు ఎండిపోతే మా నాయన కోయించి చేయించినాడు. ఇప్పుడు నాయన లేడు. అవి పాతబడినాయి, పీకేద్దామంటాడు మా అన్న. రంగేసి బాగుచేసేవాళ్లు దొరికితే వాడూ ఆగుతాడు. మా అమ్మ కోసరం అడుగుతాండా."

అంజలి ప్రసూన వైపు చూసింది. అది అడగడం లాంటి చూపే. ప్రసూన చేతిలోని ఓళిగల పళ్లెం వైపు చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట చాలు. ఈ అలమరలు ఈమె చేసినవే అంటే చాలు. ఆమె అనలేదు.

"లేదక్కా" అంది అంజలి ఆశ్రితతో. "గేట్లు, గ్రిల్లులే నేనేసేది."

అని పక్కసందులోంచి ముందుకు పోయింది. ప్రసూన హాల్లో కాఫీలు ఇస్తుంటే కిటికీలోంచి కనిపించింది. అంజలి స్కూటీలోంచి బూడిదరంగు ప్రైమర్ తీసి, గేటు ముందు గొంతుకూర్చుని, తుప్పు పట్టిన కింది ఊచకు పూస్తోంది. గాలికి ముఖాన మన్ను పడుతుంటే కొంగుతో తుడుచుకుంటోంది. ఎవరికీ అనుమానం రాకుండా ప్రసూన చెప్పిన అబద్ధాన్ని ఆమె నిజం చేస్తోంది.

వచ్చినవాళ్లు వెళ్లిపోయేసరికి అంజలి కూడా లేదు. కింది ఊచ ఒక్కటీ బూడిదరంగులో తడిగా ఉంది.

అప్పుడే ప్రసూన వెళ్లి క్షమించమని అడిగి ఉంటే కథ అంతటితో అయిపోయేది. ఆమె అది చేయలేదు. ఫోన్ తీస్తే అంజలి స్టేటస్‌లో ఆ రెండు ఫోటోలు కనిపించాయి. జిడ్డు పట్టిన తలుపులు ఒకటి, ఆకుపచ్చ తలుపులు ఒకటి. కింద 'పాత అలమరలు కొత్తగా చేస్తాం' అని రాసి ఉంది. ఆశ్రిత వాళ్ల అన్న కూడా ఓబన్న మేస్త్రీతోనే ఇంటి పనులు చేయించుకుంటాడు. ఓబన్న చూస్తే ఆయనకు చూపిస్తాడు, ఆయన ఆశ్రితకు చూపిస్తాడు. వెంటనే ఫోన్ చేసింది.

"అంజలీ, ఆ ఫోటోలు తీసేస్తావా?"

అవతల గాలి చప్పుడు వినిపించింది. దారిలో ఎక్కడో బండి ఆపినట్టుంది.

"తీసేస్తానక్కా" అంది అంజలి.

ఎందుకని అడగలేదు. అయిదు నిమిషాల్లో ఫోటోలు లేవు.

"ఏమన్నారు మీవాళ్లు?" అన్నాడు జయచంద్ర సాయంత్రం అంగడి నుంచి వచ్చి.

"బాగుందన్నారు" అంది ప్రసూన. అంతకంటే చెప్పలేకపోయింది.

ఆ తర్వాత ఆమె వంటింట్లో స్థిమితంగా ఉండలేకపోయింది. ఉప్పు డబ్బా కోసం తలుపు తీస్తే చెక్క గీతల వెంట తన చెయ్యి పట్టి నడిపిన చెయ్యి గుర్తొచ్చేది. నాలుగుసార్లు అంజలి నంబరు తీసి పెట్టేసింది. ఏమని చెప్పాలి? బళ్లో ఎవరైనా వంటిల్లు బాగుందని పొగిడితే మొహం కడుక్కునే నెపంతో లేచిపోయేది.

ఆ శనివారం తర్వాత పన్నెండో రోజున మధ్యాహ్నం బళ్లో ఆశ్రిత డబ్బా మూత తీయకుండా కూర్చుని ఉంది.

"అయిపాయ. నిన్న మా అన్న పీకించేసినాడు" అంది. "హోటలాయన ఎవరో వచ్చి పొయ్యిలోకని టెంపోలో ఏసుకోని పోయినాడు. రెండు ట్రిప్పులు. మా అమ్మ ఏమీ అనలే. ఒక తలుపు తీసి పక్కన పెట్టుకోని పెరట్లో కూర్చునింది. పొద్దున లేచినా ఆడనే ఉండాది."

హిందీ టీచరు అయ్యో అంది. కొత్తవి వస్తే ఆమే మరిచిపోతుందని ఇంకెవరో అన్నారు. ప్రసూన కలిపిన ముద్దను డబ్బాలోనే వదిలేసింది.

"ఆశ్రితా" అంది. "మా వంటింట్లో ఉండేవి కొత్తవి కావు."

అందరూ ఆమె వైపు చూశారు.

"పందొమ్మిదేండ్ల కిందటివే. బెంగళూరు నుంచి ఎవరూ రాలేదు. రంగేయించినాను. ఆ పొద్దు వచ్చింది చూడు, గేటుకు రంగేసే అమ్మాయని చెప్పినా. ఆ అమ్మాయే చేసింది అంతా. పేరు అంజలి."

హిందీ టీచరు నవ్వి, "దీనికేముంది మేడం, మేము కనిపెట్టలేకపోయినామంటే పని అంత బాగుందనే కదా" అంది. ఇంకొకరు కూడా నవ్వారు. ఆ నవ్వులు ప్రసూనకు తిట్లకంటే ఎక్కువయ్యాయి. ఇంతేనా? ఇంత తేలిగ్గా పోయే దానికోసమేనా తాను అలా చేసింది?

ఆశ్రిత నవ్వలేదు.

"నేను ఆమెను అడిగినప్పుడు మీరు ఆడనే ఉండిరి" అంది. ఎప్పుడూ నువ్వు అనే పిల్ల మీరు అంది. "మా అమ్మ కోసరమని కూడా చెప్పినా. మీరు ఓళిగలు పట్టుకోని ఆడనే నిలబడుండిరి."

"ఉంటిని" అంది ప్రసూన.

ఆశ్రిత డబ్బా తీసుకుని లేచి తరగతి గదిలోకి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ప్రసూన బస్సెక్కి శింగనమల పోయింది. అక్కడి నుంచి ఆటోలో అంజలి వాళ్ల పల్లెకు చేరేసరికి మధ్యాహ్నమైంది. అంజలి చర్చి నుంచి వచ్చి తెల్ల చీరలోనే ఇంటి ముందు తల్లికి తల దువ్వుతోంది. ప్రసూనను చూసి లేచి కుర్చీ వేసింది. తల్లిని చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టి వచ్చింది.

ప్రసూన వచ్చేటప్పుడు దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయింది. బళ్లో చెప్పేసినానంది. ఆశ్రిత వాళ్ల అలమరలు పొయ్యిలోకి పోయినాయంది. "తప్పు చేసినా అంజలీ" అంది.

అంజలి కాసేపు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ కూర్చుంది.

"గేటుకు రంగేసే అమ్మాయి అన్నప్పుడు నాకు కోపం రాలేదక్కా. నలుగురిలో గొప్ప చెప్పుకునేది అందరికీ ఉండేదే. ఫోటోలు తీసేయమన్నావు చూడు, అప్పుడొచ్చింది. బండి ఆపి రోడ్డు పక్కన కూర్చున్నా. మా నాయన సున్నం ఏసేకి పోతే ఇంటి బయట గోడలు మాత్రమే ఏయించుకునే ఇండ్లు ఉండె. లోపల వాళ్లే ఏసుకునేవాళ్లు. ఆ ఇండ్లు మీవాళ్లవే. నేను నీ వంటింట్లో అడుగుపెట్టినానని బయటికి తెలిస్తే నీకు నామోషీ అనుకున్నా."

"కాదు అంజలీ, దేవుని తోడు, కాదు. పాతవి అని చెప్పుకోలేక..."

"నాకెట్ల తెలుస్తాది అక్కా?" అంది అంజలి. గొంతు పెంచలేదు. "నువ్వేమీ చెప్పలేదు కదా."

ప్రసూన తల వంచుకుంది. నామోషీ అన్న మాట విన్న మొదటి క్షణంలో తన మనసు కొంచెం తేలికపడిన సంగతి ఆమెకు తెలుసు. అంత చెడ్డదాన్ని కానులే, నాది వట్టి డాంబికమే అనుకుంది. మరుక్షణమే ఆ తేలికకు సిగ్గేసింది. పదిహేను రోజులు ఈ మనిషి ఆ అనుమానాన్ని మోసుకుని తిరిగింది. కారణం ఏదైతేనేం? పైగా, తమ ఊళ్లో తమ ఇంటికి సున్నం వేసేవాళ్లు ఎప్పుడైనా నడిమింటి గడప దాటారా అని గుర్తు తెచ్చుకోబోతే, దాటినట్టు ఆమెకు గుర్తు రాలేదు.

"ఫోటోలు మళ్లా పెట్టు" అంది చివరికి. "నా పేరు, నా నంబరు పెట్టు. ఎవరైనా వచ్చి చూస్తామంటే చూపిస్తా."

"పెడతా" అంది అంజలి. "నాకు పని కావల్ల కాబట్టి పెడతా. అంతా సరిపాయ అని కాదు."

"సరే" అంది ప్రసూన.

అంజలి లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. ప్రసూన మొత్తం తాగింది.

మరో వారానికి ప్రసూన ఇంటి ముందు ఆటో ఆగింది. దిగినావిడ అరవై దాటిన మనిషి, పల్చగా, ఎత్తుగా ఉంది. "ఆశ్రిత వాళ్లమ్మను. యశోదమ్మ" అంది. ప్రసూన కంగారుగా లోపలికి పిలిచింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఒకసారి చూస్తానమ్మా" అని వంటింట్లోకి నడిచింది.

ఒక్కో తలుపు మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఒకటి తీసింది, మెల్లగా మూసింది. అంచుల వెంట వేలు పోనిచ్చింది. ప్రసూన గోడకు ఆనుకుని నిలబడింది. తిడితే బాగుండునని అనుకుంది. యశోదమ్మ తిట్టలేదు.

"మావీ ఇట్లనే అయ్యుండును" అంది. అంతే అంది.

"నాది పెద్ద తప్పు యశోదమ్మా" అంది ప్రసూన.

"మా పాప చెప్పింది" అంది ఆమె. దానికి మించి ఆ మాట ముందుకు సాగనివ్వలేదు. కాసేపటికి, "గోడలో దిగేసిన చిన్నది ఒకటి మిగిలింది. చింతపండు, బెల్లం పెట్టుకునేది. పీకితే గోడ వస్తాదని వదిలేసినారు. ఆ పాప వస్తాదా దానికి?" అని అడిగింది.

ప్రసూన ఫోన్ చేసి, ఎవరు వచ్చారో, ఏమి అడుగుతున్నారో అంజలికి చెప్పింది. "ఆమెకే ఇయ్యక్కా ఫోను, నేను మాట్లాడతా" అంది అంజలి. ఇచ్చింది. యశోదమ్మ ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, చెక్క ఏది, తలుపులెన్ని, పాత రంగు ఉందా, అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది. "మా ఆయన చేయించినాడమ్మా" అని కూడా చెప్పింది. అవతల అంజలి ఏమందో ప్రసూనకు వినిపించలేదు. యశోదమ్మ మాత్రం చాలాసేపు ఊ కొడుతూ విన్నది. చివరికి, "మంగళారం రా తల్లీ. నేనుంటా" అని ఫోన్ తిరిగిచ్చింది.

కాఫీ కలుపుతానంటే వద్దంది. ఆటో ఎక్కించడానికి ప్రసూన వీధి దాకా వెళ్లింది. గాలికి మన్ను లేస్తుంటే ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కించింది. యశోదమ్మ ఆ సాయాన్ని వద్దనలేదు, ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూడనూ లేదు.

దసరా సెలవులు వచ్చేలోగా అంజలి మూడు వంటిళ్లు చేసింది. వాటిలో రెండింటివాళ్లు ముందు ప్రసూన ఇంటికి వచ్చి చూసి పోయారు. వచ్చిన ప్రతిసారీ ప్రసూన తలుపులు తీసి లోపలి పాత చెక్క చూపించి, "పందొమ్మిదేండ్లవి. అంజలి చేసింది" అని చెప్పింది. ఆశ్రిత ఆమెతో మాట్లాడుతుంది, పరీక్ష పేపర్ల గురించి, టైంటేబుల్ గురించి. ఇంకా మీరనే అంటోంది. ప్రసూన దాన్ని సరిదిద్దమని అడగలేదు.